చీరాల అల్లుడు పుచ్చిపోయాడు

మా మామగారు నాకు పిల్లనిచ్చింది నేను సోడా వ్యాపారం చేస్తున్నాననుకుని. ఇందులో నా తప్పు లేదు. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి రేపల్లె అవతల ఆయన ఊరికి వెళ్ళి, "కుర్రాడిది తెనాలి పక్క అంగలకుదురండి. బాపట్లలో ఉంటాడు, నీళ్ళ వ్యవహారం చూస్తాడు" అని చెప్పి, పెట్టిన టిఫిను తిని వచ్చేశాడు. నీళ్ళ వ్యవహారం అనగానే మామగారికి గోళీసోడా కళ్ళముందు మెదిలింది. కుర్రాడు ఒకడి కింద పనిచెయ్యడు, ఒకడికి సలాం కొట్టడు, గ్యాసుతో సహా అన్నీ సొంతమే అని నెలరోజులు మురిసిపోయారట. తీరా జీలకర్రా బెల్లం అయిపోయాక మా మేనమామ మాటవరసకి, "మావాడు కాలవల ఆఫీసులో గుమాస్తా అండి, రిటైరయ్యాక పెన్షను కూడా వస్తుంది" అన్నాడు. పందిట్లో మంత్రం తప్ప మిగతా చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. మామగారి చేతిలోంచి అక్షింతలు లేచాయి గాని నా నెత్తిన పడలేదు. దారి మార్చుకుని డోలువాడి బట్టతల మీద పడ్డాయి.

"గవర్నమెంటా?" అన్నారాయన, ధాన్యపు గదిలో పాము కనబడిందా అని అడిగే గొంతుతో.

ఆ రోజు నుంచీ నేను ఆయనకి అల్లుణ్ణి కాను, గవర్నమెంటుని. "గవర్నమెంటువారు లేచారా?" "గవర్నమెంటువారికి ఇంకాస్త పెరుగు వెయ్యండి." నేను పెరట్లో తిరుగుతూ ఏ చెట్టు వైపు ఎక్కువసేపు చూస్తే, మర్నాడు ఆ చెట్టు చుట్టూ ముళ్ళకంప వెలిసేది. ఒకసారి సపోటా చెట్టు కింద నిలబడి తుమ్మాను. ఆ సాయంత్రానికి కాయలన్నీ కోయించి లోపల పెట్టించారు.

ఆయన అనుమానం మామూలు అనుమానం కాదు. రేడియోలో వర్షం పడదంటే గొడుగు తీసేవారు, పడుతుందంటే వడ్లు ఎండబోసేవారు. జనాభా లెక్కలవాడు మొదటిసారి వస్తే ఇంట్లో పదకొండుమంది ఉన్నామన్నారు, సరిచూసుకోవడానికి మళ్ళీ వస్తే నలుగురమన్నారు. మలేరియావాళ్ళు మందు కొట్టి గోడమీద ఏవో అంకెలు రాసిపోతే, ఇది పన్ను పెంచడానికి గుర్తు అని సున్నం వేయించారు. వాళ్ళు మళ్ళీ రాశారు. ఈయన మళ్ళీ వేయించారు. చివరికి ఆ గోడ మందం తెనాలి స్టేషనులో ప్లాట్‌ఫారమంత అయింది.

అన్నిటికీ ఆయన దగ్గర ఒకటే ప్రశ్న ఉండేది. "మనం అడిగామా?" స్కూలుకి కొత్త గేటు పెడితే, "మనం అడిగామా?" అనేవారు. రోడ్డు పక్కన రాయి పాతితే, "మనం అడిగామా?" అనేవారు. ఆఖరికి నా పెన్షను గురించి కూడా ఒకసారి అదే అడిగారు. నేను అడిగానండి అని లోపలే అనుకుని పెరుగన్నం కలుపుకున్నాను.

ఇక వంతెన సంగతి. పెళ్ళయ్యాక మొదటిసారి మా ఆవిడతో అత్తవారింటికి బయల్దేరాను. బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగి, అక్కడ రేపల్లె బండి ఎక్కాం. ఆ బండి నడక గురించి చెప్పాలంటే, మధ్యలో దిగి చెరుకు ముక్క నమిలి, చెయ్యి కడుక్కుని, అదే పెట్టె ఎక్కొచ్చు. రేపల్లె నుంచి ఎడ్లబండి. బండి మురుగు కాలువ గట్టున ఆగిపోయింది. కాలువ అవతల ఊరు, నలభై గడప. కాలువ మీద ఏడు తాటిదుంగలు పక్కపక్కన పరిచి, పైన మట్టలూ మట్టీ కప్పిన వంతెన. దాని మీద ఇద్దరు ముసలివాళ్ళు గొంతుక్కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

"చీరాల అల్లుడు పుచ్చిపోయాడురా."

"వాడు పోయినేడే పుచ్చాడు. గుంటూరు అల్లుడికి నడుం వంగింది, చూశావా?"

"బందరు అల్లుడొక్కడే గట్టిగా ఉన్నాడు. పాపం, అందరూ వాడి మీదే నడుస్తున్నారు."

"సరే, చీరాలవాణ్ణి లాగి పొయ్యిలో పెట్టేద్దాం. ఆ చోట్లో తెనాలి అల్లుణ్ణి వేద్దాం. ఎప్పుడొస్తున్నాడంట?"

తెనాలి అల్లుణ్ణి నేనే. సంచి భుజాన వేసుకుని వాళ్ళ వెనకాలే నిలబడి ఉన్నాను. నా చొక్కా తడిసిన తీరు చూసి బండివాడు వర్షం వస్తోందనుకుని పైకి చూశాడు. మా ఆవిడ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

విషయం ఏంటంటే, ఆ వంతెన ఎవరూ కట్టించింది కాదు. ఊళ్ళో ఏ ఇంటికి కొత్త అల్లుడొచ్చినా, వానలకి ముందు ఒకరోజు, మామ చేలో కొట్టిన తాటిదుంగకి ఒక కొస తను భుజం పట్టి తెచ్చి వంతెనలో వెయ్యాలి. అది పుచ్చేదాకా ఆ దుంగకి అతని పేరే. అతనిది ఏ ఊరైతే దుంగది ఆ ఊరు. ఎప్పటినుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. దీనికి అధ్యక్షుడు లేడు, రశీదు పుస్తకం లేదు, సమావేశం లేదు.

నేనూ దుంగ మోశాను. దాని బరువు రేపల్లె రైలింజను కంటే ఒక వీసె తక్కువ. రెండో కొస పట్టింది మా బావమరిది. పట్టాడో, పట్టినట్టు నటించాడో, ఇప్పటికీ నాకు అనుమానమే. మూడు రోజులు నా మెడ ఉత్తరానికే తిరిగి ఉంది. అన్నం తినేటప్పుడు అత్తగారు ఆ దిక్కుకి వచ్చి వడ్డించారు.

"మొయ్యనంటే ఏం చేసేవారు?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"ఏం చేస్తారండీ? ఏం చెయ్యరు. మా చిన్నప్పుడు ఒకాయన మొయ్యలేదు. ఎవరూ ఏమీ అన్లేదు. కాకపోతే ఆయన వంతెన దాటేటప్పుడల్లా ఎవరో ఒకరు, 'ఇప్పుడు ఎవరి మీద కాలేశారండీ?' అని మర్యాదగా అడిగేవాళ్ళు. నాలుగోసారి దుంగతో వచ్చాడు."

ఇది బలవంతం కాదా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నలభై గడపల కళ్ళు ఒక పోలీసు లాఠీ కంటే తేలికేం కాదు. కాని అదే వేసవిలో మా బాపట్ల ఆఫీసుకి ఒక సర్క్యులరు వచ్చింది. దాన్ని నా చేత్తో నేనే ఎనిమిది ప్రతులు రాశాను. "సిబ్బంది యావన్మందియు స్వచ్ఛంద శ్రమదానమందు విధిగా పాల్గొనవలెను. స్వచ్ఛందముగా రానివారి నుండి సంజాయిషీ కోరబడును." ఎనిమిదో ప్రతికి వచ్చేసరికి, 'స్వచ్ఛందముగా' అన్న మాట దగ్గర నా కలం కూడా ఆగి నా మొహంలోకి చూసింది.

ఒక సాయంత్రం మామగారూ నేనూ వంతెన మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాం. నేను ధైర్యం చేసి అడిగాను.

"మరి ఆనకట్ట కట్టింది ఎవరండి? కాలవలు తవ్వింది ఎవరండి? గవర్నమెంటు కాదా? అది లేకపోతే ఇక్కడ తుమ్మచెట్లు తప్ప ఏం మొలిచేవండి?"

"తవ్వారు. కాదన్లేదు," అన్నారాయన. "నీళ్ళిచ్చారు, శిస్తు తీసుకున్నారు. అక్కడితో ఆగితే అది బేరం. బేరంలో నాకూ నోరుంటుంది. ఆగారా? నా చేలో ఏం వెయ్యాలో వాళ్ళే చెబుతారు. పండిన ధాన్యం జిల్లా ఎల్ల దాటాలంటే వాళ్ళ చీటీ కావాలి. బస్తా నాది, బండి నాది, ఎడ్లు నావి. రోడ్డుకి కర్ర అడ్డం పెట్టి చీటీ ఏదంటాడు. ఆ కర్ర మనం అడిగామా?"

"అది అందరికీ బియ్యం అందాలని కదండీ."

"అందాలంటే కర్ర తియ్యాలి గాని పెడతారేంటి, గవర్నమెంటుగారూ?"

దీనికి జవాబు మా ఆఫీసులో ఉండి ఉంటుంది. వేరే వైపు నుంచి వచ్చాను.

"సరేనండి. ఊళ్ళో ఒకడు ఎన్నేళ్ళయినా దుంగ వెయ్యడు. అయినా నడుస్తాడు. వాణ్ణేం చేస్తారు?"

"నడవనిస్తాం. వాడొక్కడి కోసం ఒక పోలీసుని పెడితే, ఆ పోలీసుకో ఇల్లు, ఆ ఇంటికో రోడ్డు, ఆ రోడ్డుకి నా దగ్గర పన్ను. ఒక్క దుంగ ఎగ్గొట్టేవాడి కోసం అంతమందిని ఎవరు మేపుతారు? అంతకంటే వాడి దుంగ కూడా నేనే వేస్తే చవక."

తర్వాత కొన్నేళ్ళకి, డెబ్బైల మొదట్లో, పెద్ద వానొచ్చి మురుగు కాలువలు పొంగాయి. మా ఆఫీసులో అందరూ కూర్చుని, తప్పు వానది కాదని తేల్చారు. కాలువల మీద జనం వేసుకున్న "అనధికార అడ్డంకులు" అన్నీ తీసెయ్యాలని ఉత్తర్వు తయారైంది. ఆ జాబితా శుద్ధప్రతి రాసే పని నాది. ఏడో వరసలో ఉంది మా మామగారి వంతెన.

ఆ వంతెన పోతే ఊరంతా తూము దగ్గరికి వెళ్ళి చుట్టూ తిరిగి రావాలి. మూడు మైళ్ళు. వానాకాలంలో, బురదలో, పదమూడు. బడి అటు, రేపల్లె అటు, ఆస్పత్రి అటు. మామగారి పొలం కూడా అటే. పైగా ఆ ఉత్తర్వులో ఉండేది నా దస్తూరీ. అత్తవారింట్లో నాకు అప్పటిదాకా పెరుగన్నా వేస్తున్నారు. ఇక వెయ్యరు.

అప్పుడు నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. నా జీవితంలో వచ్చిన తెలివైన ఆలోచనలన్నిటిలాగే అది కూడా తర్వాత నన్నే తన్నింది. ఏడో వరసలో "అనధికార అడ్డంకి" కొట్టేసి, "శాఖకు చెందిన కాలిబాట వంతెన" అని రాసేశాను. శాఖ తన వంతెనని తను తీసెయ్యాలంటే అంచనాలు వెయ్యాలి, పైవాళ్ళు ఒప్పుకోవాలి, దానికి ఒక పురుషాయుష్షు చాలదు. పైఅధికారి చదవకుండా సంతకం పెట్టారు. ఆయన మనసు అప్పటికే సూర్యలంకలో ఉంది. శనివారం మధ్యాహ్నమయ్యేసరికి కాలువల తనిఖీకని ఆయన సముద్రం ఒడ్డుకి వెళ్ళేవారు. సముద్రంలో మా శాఖ కాలువ ఏముందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

వంతెన బతికింది. నేను విజయగర్వంతో అత్తవారింటికి వెళ్ళాను. కాలువ గట్టున ఒక బోర్డు పాతి ఉంది. "ఇది ప్రభుత్వ ఆస్తి. తాకినవారు శిక్షార్హులు." దాని పక్కనే మామగారు కుర్చీ వేయించుకుని కూర్చుని, నా కోసమే ఎదురుచూస్తున్నారు.

"తీసెయ్యకుండా ఆపించానండి," అన్నాను.

"సంతోషం. ఈ బోర్డేంటి?"

"అది... మనదని రాస్తే తీసేస్తారండి. అందుకని వాళ్ళదని రాశాను."

ఆయన బోర్డు వైపు వేలు చూపించారు. "మనం అడిగామా?" అని మాత్రం అన్నారు.

ఆ ఏడాది ఊళ్ళోకి ఇద్దరు కొత్త అల్లుళ్ళొచ్చారు. ఒక్కరూ దుంగ పట్టలేదు. ముట్టుకుంటే శిక్ష అని బోర్డు చెబుతోంది కదా. కాలువ గట్టు కాసే లస్కరుకి అంతకుముందు ఆ వంతెన ఉందని కూడా తెలియదు. ఇప్పుడు దాని చివర కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మామగారు పుచ్చిన దుంగ లాగబోతే, "పెదబాబాయ్, సర్కారు కర్ర. నా ఉద్యోగం పోద్ది" అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. నేను ఆఫీసులో మరమ్మతుకి కాగితం పెట్టాను. దుంగ ఏ జాతి తాటిచెట్టుదో తెలపమని రేపల్లె ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. తెలిపాను. మగచెట్టా, ఆడచెట్టా అని మళ్ళీ తిరిగొచ్చింది.

రెండో ఏడాదికి గుంటూరు అల్లుడు మధ్యకి విరిగాడు. బందరు అల్లుడు కూడా కుంగాడు. అసలు వింత ఏంటంటే, ఊళ్ళో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. "గవర్నమెంటుదిగా, వాళ్ళే వేస్తార్లే" అన్నారు. చీరాల అల్లుడు పుచ్చాడని గొంతుక్కూర్చుని బెంగపడిన ముసలాయనే ఇప్పుడు, "మనకెందుకొచ్చిన గొడవరా, ఒక అర్జీ పడేద్దాం" అన్నాడు. మూడో ఏడు మా అత్తగారు ఊరగాయ జాడీతో వంతెన దాటుతూ, సరిగ్గా తెనాలి అల్లుడి మీద కాలు వేశారు. అల్లుడు విరిగాడు. అత్తగారి కాలు మోకాలి దాకా దిగింది. జాడీ కాలువలో పడింది. ఆవిడ మూడు వారాలు మంచం దిగలేదు. నేను మంచం దగ్గరికి వెళితే మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆ గోడమీద మలేరియావాళ్ళ అంకెలు మళ్ళీ వెలిసి ఉన్నాయి.

మామగారు నన్ను పెరట్లోకి పిలిచారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"దుంగ పుచ్చితే ఇంకోటి వేస్తాం, గవర్నమెంటుగారూ. ఇప్పుడు ఊరు పుచ్చింది. దాన్ని ఏం వేసి మార్చమంటారు?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, చుట్టూ చూసి, "రాతతో తెచ్చిపెట్టారు గదా. ఆ రాతతోనే చంపెయ్యండి" అన్నారు.

"ఎవర్నండి?"

"వంతెన్ని."

బాపట్ల వెళ్ళాను. ఫైలు తీసి, "సదరు వంతెన వరదలో కొట్టుకుపోయినది. శాఖకు అందలి ఆస్తి ఏమియు మిగలలేదు" అని రాసి, పైఅధికారి సూర్యలంక బయల్దేరే ముందు సంతకం పెట్టించాను. ఆస్తి లేదు గనక బోర్డూ అక్కర్లేదు. లస్కరు దాన్ని పీకి, కర్ర చంకన పెట్టుకుని, హాయిగా ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే మామగారు ఊరి అల్లుళ్ళందరికీ కబురు పెట్టారు. రమ్మని కాదు. వీలైతే చూసిపొమ్మని. ముగ్గురు కొత్తవాళ్ళు, నాతో కలిపి నలుగురు పాతవాళ్ళు వచ్చారు. చీరాల అల్లుణ్ణి అప్పుడు మొదటిసారి మనిషిగా చూశాను. యాభై దాటిన బట్టల వ్యాపారి, పొట్ట ముందొచ్చి తను వెనకొచ్చాడు. "నేను పుచ్చిపోయానని ఊరంతా చెప్పుకున్నారంటగా?" అని తొడ చరిచి దుంగ ఎత్తాడు. ఆడవాళ్ళు మజ్జిగ తెచ్చారు. అర్జీ పెడదామన్న ముసలాయన అందరికంటే గట్టిగా కేకలేశాడు. సాయంత్రానికి ఏడు కొత్త దుంగలు పడ్డాయి.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కాని మా ఆఫీసుకి కొత్త ఇంజనీరుగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. సముద్రం వైపు కన్నెత్తి చూసేవారు కాదు. అనుమానంలో మా మామగారికి సవతి తమ్ముడు. పాత ఫైళ్ళన్నీ తీయించి చదువుతూ నన్ను పిలిచారు.

"ఏమండీ, ఈ వంతెన వరదలో పోయిందని రాశారు. ఆ ఏడు ఆ కాలువలో మేక తాగడానికి నీళ్ళు లేవని మీరే ఇంకో ఫైల్లో రాశారు. నీళ్ళు లేని కాలువలో వంతెన ఎటు కొట్టుకుపోయిందండీ?"

నేను నిలువునా కొట్టుకుపోయాను.

"పదండి, చూసొద్దాం" అన్నారాయన.

ముందుగా రేపల్లె ఎడ్లబండివాడితో కబురు పంపాను. దుంగలు ఒక్కపూట తీసి దాచండి, లేకపోతే నా ఉద్యోగం పోతుందని. మామగారి జవాబు అదే బండివాడితో తిరిగొచ్చింది. "ఒకసారి తీయనిస్తే మళ్ళీ వెయ్యడానికి ఈ ఊరు లేవదు. ఉద్యోగం పోతే సోడా వ్యాపారం పెట్టిస్తాను."

ఎడ్లబండి దిగాం. ఇంజనీరుగారు చేతిలో ఫైలుతో, నేల వాసన చూస్తూ నడిచినట్టు వంగి నడిచి, వంతెన మీదుగా కాలువ దాటారు. వెనకాల నేను. అవతలి కొస దాకా వచ్చి, దిగకుండా వంతెన మీదే ఆగిపోయాను. అవతలి గట్టున మామగారు, ఆయన వెనక సగం ఊరు.

"ఇక్కడో వంతెన ఉండేదట. ఎక్కడండీ?" అన్నారు ఇంజనీరుగారు.

"తమరు ఇప్పుడు దాటొచ్చిన చోటేనండి."

"కొట్టుకుపోయిందా?"

"గవర్నమెంటు వంతెన పూర్తిగా పోయిందండి. ఒక్క పుల్ల లేదు. పొయ్యిలో కూడా మిగల్లేదు."

ఇంజనీరుగారు మెల్లిగా వెనక్కి తిరిగి చూశారు. "మరి నేను దేనిమీద నడిచొచ్చానండీ?"

మామగారు భుజం మీది తువ్వాలు సర్దుకున్నారు.

"అల్లుళ్ళ మీదండి. అదిగో, ఆ లావుపాటిది చీరాల అల్లుడు. పక్కది బందరు. ఆ చివర వణుకుతున్నది తెనాలి అల్లుడు."

చివరి దుంగ మీద నేనే నిలబడి ఉన్నాను. ఇంజనీరుగారు దుంగని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ దుంగని చూశారు.

"మీ మామగారా?"

"అవునండి."

ఆయన వంగి, దుంగని వేలితో రెండుసార్లు తట్టి చూశారు. ఎవరు వేశారని అడగలేదు, ఎవరి అనుమతితో అనీ అడగలేదు. "ఇంత గట్టిది మా వాళ్ళు ఎక్కడా వెయ్యలేదు" అని తనలో తను అనుకున్నారు. అక్కడే చీరాల అల్లుడి మీద కూర్చుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని రాశారు. "స్థలమును స్వయముగా తనిఖీ చేసితిని. వంతెన లేదు." సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, లేని వంతెన మీదుగా బండి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన దాటేటప్పుడు మా లావుపాటి దుంగ కిర్రుమని కూడా అనలేదు.

నేను ఆ పూట అక్కడే ఉండిపోయాను. భోజనాల దగ్గర అత్తగారు మొహం తిప్పుకోకుండా వడ్డించారు. మామగారు ముద్ద కలుపుతూ ఉన్నట్టుండి అన్నారు.

"అల్లుడుగారూ."

ఇన్నేళ్ళలో మొదటిసారి.

"ఏంటండి?"

"ఆ మనిషి అంత తేలిగ్గా సంతకం పెట్టేశాడేంటి? ఏదో ఉంది."

"ఏమీ లేదండి. మంచాయన."

"గవర్నమెంటు ఫైలు చేతిలో ఉన్న మంచాయనా?" ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుని లేచారు. చెప్పులు వేసుకుని, ఎర్రటి ఎండలో కాలువ దాకా వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి, మళ్ళీ విస్తరి ముందు కూర్చున్నారు.

"లెక్కపెట్టాను. ఏడూ ఉన్నాయి," అన్నారు. "అల్లుడుగారికి ఇంకాస్త పెరుగు వెయ్యండి."